జెర్సీ ఆవు గుట్ట దిగిన రోజు

తొంభైల్లో, పుంగనూరు దగ్గరి మా ఊళ్ళో, మాకు రెండు ఆవులుండేవి. ఒకటి పుంగనూరు పొట్టి ఆవు. పన్నెండేళ్ళ నాకు నడుము దాకా వచ్చేది, అంతే. రెండోది నాయన మదనపల్లె సంతలో కొన్న జెర్సీ. పెద్ద ఒళ్ళు, బరువైన పొదుగు.

సెలవుల్లో పొట్టి ఆవును గుట్ట మీదికి నేనే తోలుకెళ్ళేదాన్ని. జెర్సీని మాత్రం చేను గట్టునే మేపమనేవాడు నాయన. ఒకరోజు పైన పచ్చిక బాగుందని, చెప్పకుండా దాన్నీ తోలుకెళ్ళాను. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కింది. దిగేటప్పుడు నున్నటి బండ దగ్గర ఆగిపోయింది. పొట్టి ఆవు చిన్న గిట్టలతో పట్టు చూసుకుంటూ మేకలా దిగిపోయింది. జెర్సీ ముందుకాలు పెట్టింది, జారింది, వణుకుతూ వెనక్కి తీసుకుంది. తాడు పట్టి ఎంత లాగినా కదల్లేదు. చెట్టుకు కట్టేసి, ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను.

ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఎక్కలేవన్నా వినకుండా, నా భుజం పట్టుకుని గుట్టెక్కింది.

"తాడు యాల లాగినావు మే? నేరుగా దిగితే దాని బరువంతా ముందుకాళ్ళ మీదనే పడతాది. పొట్టిదాని ఒళ్ళు నేలకు దగ్గరుండాది, దానికేం బయం!"

"మరి ఎట్లవ్వా?"

"మన మిద్దె మెట్లు నేనెట్ల దిగుతాండానో సూడ్లేదా?"

చూశాను. పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగేది. ఆవునూ అలాగే తిప్పించింది. బండను వదిలి, వాలుకు అడ్డంగా అటు కొంత దూరం, ఇటు కొంత దూరం. నేను తాడు వదులుగా పట్టుకుని ముందు నడిచాను. అవ్వ దాని వీపు మీద చెయ్యేసి, "మెల్లగా తల్లీ, మెల్లగా" అంటూ పక్కనే వచ్చింది. ఆ మాట నాకో, ఆవుకో, తన మోకాళ్ళకో ఇప్పటికీ తెలియదు.

కిందికి చేరేసరికి పొద్దు వాలింది. జెర్సీ తొట్టెలో మూతి పెట్టి గటగటా నీళ్ళు తాగింది. అవ్వ అరుగు మీద కాళ్ళు చాపుకుంటే నేను నూనె రాస్తూ కూర్చున్నాను.

అంతలో నాయన వచ్చాడు. ఆవు గిట్టల దగ్గర గీరుకుపోయిన చర్మం చూసి, "దీన్ని గుట్టకు తోలింది ఎవురు?" అన్నాడు.

నా చేతులు ఆగిపోయాయి.

"నేనే తోలుకపొమ్మన్యాను లేప్పా" అంది అవ్వ, నా వైపు చూడకుండా.