తగువు మెట్టు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. ఒంగోల్లో పుట్టినదాన్ని, నోరు కట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు. పెళ్లయి ఢిల్లీలో ఆర్.కె. పురం క్వార్టర్లకి వచ్చి ఇరవై ఏళ్లు దాటినా ఆ నోరు అలాగే ఉంది. మా ఆయనది కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్ల ఉద్యోగం. ఇంట్లో ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప, అవీ సగం ఆఫీసు ఇంగ్లీషు. మిగతావన్నీ నేనే మాట్లాడాలి కదా మరి.

మా క్వార్టర్ల దగ్గర పార్కులో పాత గుంబజులు, అంటే గోపురాలున్న సమాధులు, కొన్ని ఉన్నాయి. వాటి మధ్యలో ఒక బావోలీ ఉంది. మన వైపు దిగుడుబావి అంటామే, అదే. రాతిమెట్లు దిగుతూ పోతే అడుగున ఒకప్పుడు నీళ్లు నిలిచిన చోటు, దాని వెనక గుండ్రటి బావి. ఇప్పుడు చుక్క నీరు లేదు. పావురాలు, చిప్సు పాకెట్లు, కూర్చోవడానికి ఇంకెక్కడా చోటు దొరకని ప్రేమజంటలు ఉంటారు. రోజూ పొద్దున వాకింగుకి వెళ్లి దాన్ని చూసీ చూసీ మనసు పారేసుకున్నాను. డిగ్రీలో చదివిన చరిత్రకి దుమ్ము దులిపాను. లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాను, ఎక్కడ ఉపన్యాసం ఉందన్నా వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. ఆ తర్వాత ఆదివారం పొద్దుటిపూట తెలుగువాళ్లని పోగేసి ఆ బావి చూపించడం మొదలుపెట్టాను.

కటవారియా సరాయ్ గదుల్లో ఉండి సివిల్స్‌కి చదివే పిల్లలు వచ్చేవాళ్లు. కంటోన్మెంటు నుంచి మిలిటరీ కుటుంబాలు వచ్చేవి. ఒకసారి ఫరీదాబాద్ నుంచి మెట్రో మారి మారి ఒక ఫ్యాక్టరీ ఇంజనీరు, పెళ్లాంపిల్లలతో సహా వచ్చాడు. ఎర్రకోట చూపిస్తాననుకుని వచ్చాడట పాపం.

మొదటి రెండు నెలలూ నిజమే చెప్పాను, ఒట్టు. వెనకున్న గుండ్రటి బావి అంచు రాతిమీద వేలు పట్టేంత గాడులున్నాయి. చేదతాడు ఒరుసుకుని ఒరుసుకుని పడ్డవి. ఎన్ని చేతులు లాగితే రాయి అలా అరుగుతుంది! వాటిని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఒక ఆదివారం గొంతు గద్గదమయ్యేలా అదే చెబుతున్నాను. కంటోన్మెంటు నుంచి వచ్చిన ఒక హవల్దారుగారి భార్య నోరారా ఆవలించి, "అచ్ఛా అండీ, ఇక్కడ టాయిలెట్ ఎక్కడుంది?" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తర్వాతి ఆదివారం మెట్లు దిగుతూ పైనుంచి ఏడో మెట్టు దగ్గర ఆగాను. ఎందుకు ఆగానో నాకే తెలీదు. నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది.

"దీన్ని తగువు మెట్టు అనేవాళ్లు," అన్నాను. "నీళ్ల దగ్గర ఆడవాళ్లకి తగువొస్తే ఎక్కడపడితే అక్కడ అరుచుకోడానికి వీల్లేదు. ఇద్దరూ ఈ మెట్టు మీదికి రావాలి. ముందు బిందెలు కింద పెట్టాలి. ఒకరు తిట్టినంతసేపూ రెండోవాళ్లు కిక్కురుమనకూడదు. ఆ తర్వాత రెండోవాళ్ల వంతు. ఇక్కడ అన్న మాట పైకెక్కాక మళ్లీ ఎత్తకూడదు."

అబ్బ, ఆ మొహాలు చూడాలి! ఒక్కరు ఆవలించలేదు. మళ్లీ వచ్చిన హవల్దారుగారి భార్య, ఈసారి వెంట తెచ్చుకున్న మొగుణ్ణి రెక్క పట్టుకుని ఆ మెట్టు మీదికి ఈడ్చి, భుజానున్న బ్యాగు కింద పెట్టి, "పోయిన దసరాకి మీ అక్క నన్నేమందో చెప్పమంటారా?" అని మొదలుపెట్టింది. ఆయన సరిహద్దులో కూడా అంత భయపడి ఉండడు. ఢిల్లీలోనే పుట్టి తెలుగులో బదులివ్వని పిల్లలు సైతం, "ఆంటీ, ఫిర్ సే బతావో నా," అని మళ్లీ చెప్పమంటూ నా చీర పట్టుకున్నారు. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను.

ఇంకేముంది, ప్రతి ఆదివారం అదే పాట. ఫోన్లలో ఫోటోలు పాకిపోయాయి. తెలుగువాళ్లే కాదు, పార్కులో వాకింగుకొచ్చే హిందీవాళ్లు కూడా ఆ మెట్టు దగ్గర ఆగి చుట్టాలకి చెప్పడం నా చెవులతో విన్నాను. మా ఆయన పేపరు మడిచి, "దీనికి ఎవిడెన్స్ ఏముంది?" అని ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "దీనివల్ల ఎవరికండీ నష్టం?" అన్నాను. ఆయన మళ్లీ పేపరు విప్పుకున్నారు.

నష్టం ఎవరికో తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

ఆ గుంపులో ఒక నల్గొండ అమ్మాయి ఉండేది. ఎప్పుడూ ముందు వరసలో నిలబడి నేను చెప్పిందల్లా పుస్తకంలో రాసుకునేది. కటవారియా సరాయ్‌లో నాలుగో అంతస్తు గదిలో ఉంటూ సివిల్స్ రాస్తోంది. రెండుసార్లు రాతపరీక్షలోనే ఆగిపోయింది. ఇదే ఆఖరుసారి అని ఇంట్లో మాటిచ్చి వచ్చింది. ఈసారి రాత గట్టెక్కింది, ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. అప్పుడప్పుడు మా ఇంటికి ఇడ్లీ తినడానికి వచ్చేది. పల్లీ చట్నీ గిన్నె దాని ముందు పెడితే మళ్లీ మనకి దక్కదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం అలాగే వచ్చింది. "ఆంటీ, సోమవారం నా ఇంటర్వ్యూ. ఫారంల హాబీ కాడ దిగుడుబావులని రాసిన. బోర్డోళ్లు గదే అడుగుతరని మా సార్ అన్నడు. ఒక్కసారి నా నోట్సు చూస్తరా?" అంది.

చూశాను. తాడు గాడుల గురించి ఒక్క వాక్యం ఉంది. తగువు మెట్టు గురించి రెండు పేజీలున్నాయి! పైన ఎర్ర ఇంకుతో 'నీటి తగాదాల పరిష్కారంలో ప్రజల భాగస్వామ్యం' అని శీర్షిక, కింద బాణం గుర్తులతో డబ్బాలు. మొదటి డబ్బాలో 'బిందెలు దించుట'. రెండో డబ్బాలో 'వాదన'. చివరి డబ్బాలో 'సయోధ్య'. వాటన్నిటిమీదా పసుపు పచ్చ హైలైటరు.

"మంచిగుందా ఆంటీ? మా బిల్డింగులందరు జిరాక్సులు తీస్కపోయిన్రు," అంది మెరిసే కళ్లతో.

అప్పుడే చెప్పాలి. చెప్పానా? లేదు. "ఇంకో ఇడ్లీ వెయ్యనా?" అన్నాను. అంత పిరికిదాన్నని నాకు అప్పటిదాకా తెలీదు. అది తిని, చెయ్యి కడుక్కుని, నాకు దండం పెట్టి వెళ్లిపోయింది. సోమవారం ఆ పిల్ల అంతమంది పెద్దల ముందు కూర్చుని నా కోతని చరిత్రగా చెప్పబోతోంది. అక్కడ ఆ బావి అసలు చరిత్ర తెలిసినవాళ్లు ఒక్కరున్నా చాలు, దాని కొంప మునిగినట్టే.

శనివారం పొద్దున మా ఆయనకి చెప్పాను. "చెప్పానా" అనలేదు, అదే ఆయనలో గొప్ప. "వెళ్లి చెప్పు. జిరాక్సులు పట్టుకెళ్లినవాళ్లకి నేను కారిజెండం డ్రాఫ్టు చేస్తాను," అన్నారు. నిజంగానే ఆ తప్పు సవరణ కాగితం తయారు చేశారు. 'పైన ఉదహరించిన మెట్టు విషయమై...' అంటూ తెలుగులో కూడా గవర్నమెంటు ఆర్డరే రాశారు మహానుభావుడు.

నేను ఆటో ఎక్కి కటవారియా సరాయ్ వెళ్లి నాలుగంతస్తులూ ఆయాసపడుతూ ఎక్కాను. అమ్మాయి అద్దం ముందు నిలబడి జవాబులు ప్రాక్టీసు చేస్తోంది. నన్ను చూసి సంబరపడి కుర్చీ మీది పుస్తకాలు తీసింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ ఇంకేదో మాట్లాడతాను.

"తగువు మెట్టు అబద్ధం," అన్నాను. "నేనే కల్పించాను. ఒంగోల్లో మా వీధి కుళాయి దగ్గర మా అమ్మ పెట్టిన రూలు అది. ఇత్తడి బిందెలతో బుర్రలు పగలగొట్టుకుంటున్నారని, ముందు బిందె దించండి, తర్వాత తిట్టుకోండి అనేది. దాన్నే పట్టుకొచ్చి ఈ బావికి అంటగట్టాను."

మొదట నవ్వింది, వేళాకోళమనుకుంది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. నోట్సు తీసి ఆ రెండు పేజీలూ చూసుకుంది. కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. తిడితే బాగుండుననిపించింది, తిట్టలేదు. ముక్కు తుడుచుకుని, "మరి నిజమేంది?" అంది.

"తాడు గాడులు."

"నేను సరిగ్గ చూడలే. చూపెట్టుండ్రి."

ఇద్దరం ఆటోలో పార్కుకి వచ్చాం. నన్ను దాటుకుని మెట్లు దిగింది, ఏడో మెట్టు వైపు చూడనైనా చూడలేదు. వెనక బావి అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గాడిలో వేలు పెట్టింది. ఒక్కొక్క గాడీ తడిమింది. ఎటువైపు ఎక్కువ అరిగింది, ఎందుకు అరిగింది అని నన్ను అడిగింది. తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. జీవితంలో అన్నిసార్లు 'తెలియదు' అన్నది ఆ రోజే. వెళ్లేటప్పుడు నాకోసం ఆగకుండా ఒక్కతే ఆటో ఎక్కింది.

సోమవారం నేను కూర మాడ్చాను, పాలు పొంగించాను, తలుపు వేసిందీ లేనిదీ నాలుగుసార్లు చూసుకున్నాను. మధ్యాహ్నం దాటాక ఫోనొచ్చింది. "ఆంటీ, బావి కాడికి రాండ్రి." అంతే, పెట్టేసింది. గొంతులో ఏముందో పట్టుకోలేకపోయాను.

పరుగున వెళ్లాను. లేతరంగు చేనేత చీర, చేతిలో ఫైలు, కాళ్లకి అలవాటులేని చెప్పులు. పైమెట్టు మీద కూర్చుని ఉంది.

"ఏమయింది తల్లీ?"

"అడిగిన్రు," అంది. "ఒక పెద్దాయన నవ్వుకుంట అన్నడు, నేను ఆ బావోలీ చూసిన, అక్కడ తగువులకు ఒక మెట్టు ఉండేదట గదా, అది మంచి వ్యవస్థ గదా, నువ్వేమంటవు అని."

నా కోత ఆ పిల్లకంటే ముందే ఆ గదిలోకి వెళ్లి కుర్చీ వేసుక్కూర్చుందన్నమాట!

"నువ్వేమన్నావు?"

"సార్, దానికి ఆధారం లేదు అన్న. మాకు చూపెట్టే ఆంటీ సొంతంగ కల్పించింది, నేను గూడ నమ్మి రెండు పేజీలు రాసుకున్న, మొన్న ఆమెనే నా రూముకొచ్చి ఒప్పుకున్నది అని చెప్పిన. ఆధారమున్నది బావి అంచు మీద తాడు గాడులకు, నా చేతితోని పట్టి చూసిన అన్న. ఇగ అందరు వాటి గురించే అడిగిన్రు."

ఆ అమ్మాయి పేరు లిస్టులో వచ్చిందా అని మీరు అడుగుతారని తెలుసు. వచ్చింది. కానీ అది చాలా వారాల తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం మాకెవరికీ తెలీదు. నేను మాత్రం హమ్మయ్య అనుకుని, "రా, ఇంటికి పోదాం, ఇడ్లీ పెడతాను," అన్నాను.

"ఆగుండ్రి," అంది. మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగి ఏడో మెట్టు మీద నిలబడింది. ఫైలు కింద పెట్టింది. "మీ బ్యాగు గూడ కింద పెట్టుండ్రి."

పెట్టాను.

"మీరు రాకుంటే?" అని మొదలుపెట్టింది. "శనివారం మీరు రాకుంటే నేనేమనేదాన్ని? అవును సార్, మస్తు గొప్ప వ్యవస్థ అని డబ్బాలు డబ్బాలుగ చెప్పేదాన్ని. మూడేండ్లు గా గదిల గోడలు చూసుకుంట చదివిన ఆంటీ. ఎవరో ఆవలించిందని మీకు కోపమొస్తే నా బతుకు ఆగం జేస్తరా? శుక్రవారం నోట్సు చూసిన్రు గదా, అప్పుడెందుకు చెప్పలే? ఇంకో ఇడ్లీ ఏస్తరా నాకు?" కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆపలేదు. "పుస్తకాలల్ల ఉన్నది రెండుసార్లు సరిచూసుకుంట నేను. మీరు చెప్పింది ఒక్కసారి గూడ చూసుకోలే. మీరు చెప్పిన్రంటే చాలనుకున్న."

పావురాలు లేచిపోయాయి. పై గట్టు మీద కూర్చున్న జంట కూడా మాటలాపి మమ్మల్నే చూస్తోంది. నేను కిక్కురుమనలేదు. రూలు నేను పెట్టిందే కదా.

అది కళ్లు తుడుచుకుని, "నాదైంది. ఇగ మీ వంతు," అంది.

నా వంతు వచ్చింది. నోరు తెరిచాను, ఒక్క కోత కూడా రాలేదు. "తప్పు నాదే తల్లీ," అన్నాను.

అది వంగి నా బ్యాగు తీసి నా చేతికిచ్చింది, తన ఫైలు తీసుకుంది. పైకి ఎక్కుతూ సగంలో ఆగి వెనక్కి తిరిగింది.

"పైకెక్కినంక మళ్ల ఎత్తొద్దు గదా?"

"అదీ నేను కల్పించిందేనే," అన్నాను.

"గదొక్కటి ఉండనీయుండ్రి ఆంటీ," అంది.