కళ్ళు మూసుకుని చెప్పే తేదీ

"ఉండండి, మీ బీరువా ఇప్పుడే రేకు వంచే మెషిన్ దగ్గరికొచ్చింది. ముందు దుగ్గిరాల వాళ్ళది నిలబడుంది. మీది కాస్త సిగ్గుపడుతోందండి."

"సిగ్గెందుకండీ?" అన్నాడు రేపల్లె రైసుమిల్లు వెంకటప్పయ్య.

"తలుపులింకా పెట్టలేదు కదండీ."

ఈ మాటలన్నీ సంజీవరావు కళ్ళు మూసుకునే అన్నాడు. తెనాలిలో రేపల్లె రైలు పట్టాల పక్కన ఇనప బీరువాలు చేసే షెడ్డు ఆయనది. మనిషికి ఉన్నది ఒకటే జబ్బు. "ఎప్పటికిస్తారు?" అని ఎవరైనా అడిగితే చాలు, పేము కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేవాడు. ఆ రెప్పల వెనక షెడ్డులోని బీరువాలన్నీ లేచి నడిచేవి. రేకు కోసేచోట ఆగి, వంచేచోట వంగి, వెల్డింగు దగ్గర నిప్పురవ్వల్లో తడిసి, లప్పం పూయించుకుని, రంగేసుకుని, తాళం చెవులు పుచ్చుకుని, ఒక్కొక్కటే లారీ ఎక్కేవి. అడిగినవాళ్ళ బీరువా లారీ ఎక్కేదాకా ఆయన కళ్ళు తెరిచేవాడు కాదు. అప్పుడుగానీ తేదీ చెప్పేవాడు కాదు.

ఈలోగా భార్య సారా వచ్చినవాళ్ళకి టీ ఇచ్చేది. ఒకాయన ఆ టీ తాగి, బస్సెక్కి దుగ్గిరాల వెళ్ళి, మార్కెట్ యార్డులో పసుపు ధర కనుక్కుని తిరిగొచ్చినా, "లప్పం ఆరుతోందండి, కూర్చోండి" అన్నాడట సంజీవరావు మూసిన కళ్ళతోనే.

గుడిలోనూ అంతే. పాస్టరుగారు దీర్ఘంగా ప్రార్థన చేస్తుంటే అందరికంటే భక్తిగా కళ్ళు మూసుకునేది ఆయనే. ఒక ఆదివారం "ఆమెన్" వినపడగానే, "హమ్మయ్య, ఆరింది" అని పైకే అనేశాడు. సారా ఆ వారమంతా వీధిలో తలెత్తుకోలేదు.

ఈ కళ్ళ వ్యవహారంతో వేగలేకపోయింది మాత్రం శకుంతల. అమృతలూరు నుంచి రోజూ బస్సులో వచ్చి షెడ్డులో బిల్లులు రాసేది. ఒకపక్క ప్రైవేటుగా బి.ఏ. కట్టింది. బిల్లులకంటే పెద్ద పని ఇంకొకటుండేది ఆమెకి. ఏ తాళం చెవి ఏ బీరువాదో ఆమెకొక్కదానికే తెలుసు. ఆమె జ్వరంతో రాని ఒక్కరోజు రేపల్లె బీరువా తాళాలు దుగ్గిరాలకి, దుగ్గిరాలవి రేపల్లెకి వెళ్ళాయి. పెళ్ళిపట్టుచీర లోపల, పెళ్ళికూతురు బయట. అప్పట్నుంచి శకుంతల లేకుండా లారీ కదలకూడదన్నది షెడ్డు చట్టం.

"కళ్ళు తెరిచి చెప్పండి బాబాయ్‌గారూ, తేదీ గోడమీది క్యాలెండర్లో ఉంటుంది" అనేది.

"క్యాలెండర్లో రోజులుంటాయమ్మా. బీరువాలుండవుగా" అనేవాడాయన.

అది ఎనభయ్యెనిమిదో సంవత్సరం. వానలు తగ్గీ తగ్గకుండా ఉన్న రోజులు. బాపట్లలో కడుతున్న ఒక కొత్త హాస్టల్ మేనేజరు నరసింహారావు వచ్చాడు. గదికో బీరువా కావాలి. షెడ్డు పుట్టాక అంత పెద్ద పని రాలేదు. ఆ వానాకాలం చేతిలో ఒకటీ అరా తప్ప ఇంకేమీ లేదు కూడా. ఇది పోతే వెల్డరు దేవదానం రేపల్లె మిల్లులో బస్తాలు మోయడానికి వెళ్ళాలి, శకుంతల ఇంట్లో కూర్చోవాలి.

"దసరాకింకా నెల ఉంది, ఆ లోపల అన్నీ ఇవ్వాలండి. ఇస్తారా?"

సంజీవరావు కళ్ళు మూశాడు. రేపల్లె బండి వెళ్ళింది, రేకులు సన్నగా వణికాయి. కప్పు చిల్లుల్లోంచి పడిన ఎండ చుక్కలు ఎర్ర ప్రైమరు పూసిన బీరువాల మీద మెల్లగా జరిగాయి. శకుంతల పంటి బిగువున నిలబడింది.

"మీ బీరువాలు బాపట్ల చేరాయండి. మెట్ల దగ్గర ఆగిపోయాయి. పైకి వెళ్ళవట."

"ఎందుకెళ్ళవు?"

"మేడ మీద జల్లు కొడుతోందట. కిటికీ తలుపులేవండీ?"

"వడ్రంగి రేపిస్తానన్నాడండి."

"రేపన్నాడా" అని సంజీవరావు కళ్ళు తెరిచి జాలిగా నవ్వాడు. "దసరా వెళ్ళాక ఇస్తామండి."

నరసింహారావు టీ గ్లాసు సగంలో దించేసి వెళ్ళిపోయాడు, ఇంకో షాపు చూసుకుంటానని.

శకుంతలకి ఒళ్ళు మండింది. సంజీవరావు భోజనానికి లేచాక దేవదానం మీద విరుచుకుపడింది. "పగలు కలలు కంటే షెడ్డు నడుస్తుందా అన్నయ్యా? దసరా ముందు వారమంతా ఖాళీయేగా మనకి. పని అయిపోదూ?"

దేవదానం నల్ల కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకున్నాడు. "ఆ వారం నీ పరీక్షలు కాదేంటమ్మా, బాపట్లలో?"

"అయితే?"

"అయితే తాళాలెవరిస్తారు? లారీ ఎట్టా కదిలిద్ది?"

శకుంతలకి కిందటేడు గుర్తొచ్చింది. అప్పటి పరీక్షలప్పుడూ ఒక్క బీరువా తయారు కాలేదు. పెద్ద పరీక్షకి ముందురోజు కూడా లప్పం ఆరలేదు. అప్పుడు అదృష్టం అనుకుంది.

"నీకొక్కదానికే అనుకోకు" అన్నాడు దేవదానం. "రంగు ఆరాలని, రంగులేసే పాండుకి రోజు విడిచి రోజు పనిస్తాడు చూడు. రంగుదేముంది, పూటలో ఆరిపోద్ది. ఆరాల్సింది పాండు ఊపిరితిత్తులు. నా కూతురి పురుడప్పుడు వెల్డింగు రాడ్లు దొరకలేదని సెలవిచ్చాడు. అటక నిండా ఉన్నాయవి. కళ్ళు మూస్తే ఆయనకి బీరువాలొక్కటే కనపడతాయనుకున్నావా?"

మధ్యాహ్నమంతా శకుంతల బిల్లులు ముట్టలేదు. ఒకసారి ఎవరూ చూడకుండా కళ్ళు మూసుకుంది. ముందు చీకటి. తర్వాత ఎక్కడో పాండు దగ్గు. ఆ దగ్గు తగ్గేదాకా ఒక బీరువా పక్కకి జరిగి ఓపిగ్గా నిలబడింది. శకుంతల గబుక్కున కళ్ళు తెరిచేసింది.

ఆ వారాంతంలో తడిసిన గొడుగుతో నరసింహారావు మళ్ళీ వచ్చాడు. షెడ్డులో సుత్తి ఆగిపోయింది.

"కిటికీలు రాలేదండి" అన్నాడు కూర్చుంటూ. "మేడ గదుల్లో చీలమండలదాకా నీళ్ళు. ఆ షాపువాడు అన్నీ ఎల్లుండే ఇస్తానంటున్నాడు. ఇస్తే నెత్తిన పెట్టుకోనా?" ఆగి, గొంతు తగ్గించాడు. "ఆ వడ్రంగి ఎప్పటికిస్తాడో మీరొక్కసారి చూసి చెప్తారా?"

సంజీవరావు కళ్ళు మూశాడు. ఈసారి శకుంతల లేచి వెళ్ళి, వెలుతురు ఆయన మొహాన పడకుండా కిటికీ రెక్క దగ్గరగా వేసింది.

"వడ్రంగి నిద్రపోతున్నాడండి" అన్నాడాయన చాలాసేపటికి. "పోనివ్వండి, పాపం. కింద గదులవి వచ్చేవారం పంపిస్తాం. మేడవి దసరా వెళ్ళాక."

"అట్టాగే కానివ్వండి" అని నరసింహారావు ఈసారి టీ పూర్తిగా తాగాడు. దేవదానం సుత్తి మళ్ళీ మోగింది, కాస్త హుషారుగానే.

నరసింహారావు వెళ్ళాక శకుంతల సంజీవరావు కుర్చీ దగ్గరికి వచ్చింది. "కిటికీల సంగతి మీకెట్లా తెలిసింది బాబాయ్‌గారూ?"

"బీరువాలు చెప్పాయమ్మా."

"నా పరీక్షల సంగతి కూడా అవే చెప్పాయా?"

సంజీవరావు గబగబా కళ్ళు మూసుకున్నాడు. "ఏం పరీక్షలు?"

శకుంతల కదలకుండా అక్కడే నిలబడింది. చివరికి ఆయన ఒక కన్ను తెరిచాడు.

"ఎటూ బాపట్ల వెళ్తావుగా. ఆఖరి పరీక్ష రాసి, రైలుకి టైముంటే, ఆ హాస్టల్ మెట్ల మలుపులో బీరువా తిరుగుతుందో లేదో చూసి రామ్మా. అక్కడికొచ్చేసరికి నాకు రోజూ మెలకువ వచ్చేస్తోంది."