వంక ఇసుకలో నాయన కునుకు

జలపాతమనే మాట అప్పటికి నాకు బడిపుస్తకంలోనే తెలుసు. తొంభైల చివర్లో, నేను ఇంటర్ చదివేటప్పుడు, ఉరవకొండ అవతలి కొండల్లో నీళ్లు దూకుతున్నాయని గొర్రెలు కాసే మామ ఒకాయన చెప్పాడు. చూడాల్సిందేనని ఇంట్లో గోల చేశాను. ఆదివారం పొద్దున్నే అమ్మ ఎప్పటిలాగే నాయన మొహాన నీళ్లు చల్లి లేపింది. ఆయనా ఎప్పటిలాగే తిట్టుకుంటూ లేచాడు. జొన్నరొట్టెలు, ఊరుబిండి పచ్చడి మూటగట్టుకొని ముగ్గురం బస్సెక్కాం.

బస్సు దిగాక నడకే. కొండ కిందికి చేరేసరికి నాయన మోకాలు మొరాయించింది. అక్కడ ఎండిన వంక, దాని మీదికి వంగిన కానుగ చెట్టు నీడ. మాకు వంక అంటే ఇసుకే. గొర్రెలు నడిచేదీ, పిల్లలు ఆడేదీ, మగవాళ్లు కునుకు తీసేదీ అందులోనే.

"మీరు పోయి రాండి. నేనీడే రవ్వంత పండుకుంటా," అని రొట్టెల మూట తలకింద పెట్టుకున్నాడు నాయన.

"నీళ్లు సూడల్లని వచ్చి ఇసకలో పండుకుంటావా? ఏం మనిషివప్పా!" అని అమ్మ సణిగింది.

బండగుండ్లు పట్టుకొని ఎక్కి ఎక్కి చూస్తే ఏముంది? వానాకాలంలో మా చూరు నుంచి కారేపాటి ధార. నా మొహం మాడిపోయింది. అంతలో కొండ వెనక ఉరిమింది. మా నెత్తిన మాత్రం ఎండే. కాసేపటికి ఆ ధార లావై, ఎర్రబడి, హోరుమని దూకింది. నేను కేకలు పెడుతూ గంతులేశాను. దోసిలి పట్టి నవ్వుతున్న అమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అయ్యో! మీ నాయన వంకలో పండుకోనుండాడే!"

ఎలా దిగామో తెలియదు. చెప్పులు ఎక్కడో జారిపోయాయి, మోచేతులు గీరుకుపోయాయి. అమ్మ తెలిసిన దేవుళ్లందరినీ పిలుస్తూ దిగింది. కిందికి వచ్చేసరికి ఇసుక లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా ఎర్రనీళ్లు. నాయన లేడు. అమ్మ అక్కడే కూలబడింది.

"ఏమే, ఈడుండా!"

అవతలి గట్టున బండగుండు మీద నాయన! నిలువునా తడిసి, రొట్టెల మూట మాత్రం పైకెత్తి పట్టుకొని నిలబడ్డాడు. హమ్మయ్య, నా ప్రాణం లేచొచ్చింది. అమ్మ లేచి అందుకుంది తిట్లు.

"నీ నిద్ర మండిపోనూ! మా పానాలు తీసినావు కదప్పా!"

ఆ తిట్లు వింటుంటే ఎంత హాయిగా ఉందో! నాయన నవ్వి, నీళ్ల మీదుగా అరిచాడు.

"చెవికి సల్లగా తగిలింటే నువ్వే నీళ్లు సల్లి లేపుతాండావనుకొంటి. నిన్ను తిట్టుకుంటానే లేసినా!"

అమ్మ తిట్లు ఆగిపోయాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది.

పొద్దు వాలాక వంక తగ్గింది. నాయన మోకాలిలోతు నీళ్లలో మెల్లగా దాటి వచ్చాడు. అమ్మ వంగి, ఆ ఎర్రనీళ్లే పుడిసెడు తీసి ఆయన మొహాన చల్లింది.

"లేసినావా?"

"లేసినాలేవే," అన్నాడు నాయన. ఆ ఒక్కసారే ఆయన తిట్టుకోలేదు.