తులసికి రాని ఏడుపు

లక్ష్మీతులసికి చెవులు కుట్టిన రోజున పిల్ల కిక్కురుమనలేదు. మేనమామ ఒళ్లో కూర్చుని, కంసాలి తీగ గుచ్చుతుంటే హాయిగా చక్కెరకేళి తిన్నది. "ఎంత గుండె ధైర్యమో!" అని రాజోలు నుంచి వచ్చిన చుట్టాలంతా మెటికలు విరిచారు. తల్లి సూర్యావతి పొంగిపోయి ఆ సాయంత్రం పిల్లకి దిష్టి కూడా తీసింది.

పళ్లు వచ్చాక పిల్ల తన నాలుక తానే కొరుక్కుంది. పాదం ఎముక విరిగినా ఆ కాలితోనే రొయ్యల చెరువు గట్టు మీద పరుగులు పెట్టింది. ఆ చెరువు దగ్గరే తండ్రి శివాజీ పని. అతను సూర్యావతికి సొంత మేనమామ. మేనరికమంటే మనవాళ్లకి మహా మోజు కదా, పిల్ల పరాయి గడప తొక్కనక్కర్లేదని! లోపం కూడా ఇంట్లోనే ఉండిపోయింది.

పిల్ల రక్తం పరీక్ష చేసిన హైదరాబాదు పరిశోధకుడు ఆదిత్య వాళ్లింటికి వచ్చి, అరుగు మీద కూర్చుని చెప్పాడు.

"ఎలుకల్లో ఒక జన్యువును పని చెయ్యకుండా ఆపేసి చూశామండీ. వేడి పలక మీద పెట్టినా అవి కాలు తియ్యలేదు. నొప్పి తెలియజెయ్యడమే దాని పని అని అలా తేలింది. మీ పాపకి పుట్టుకతోనే అది పని చెయ్యదు. మీ ఇద్దరి దగ్గర్నుంచీ పాడైన జన్యువే వచ్చింది."

"ఆపెయ్యడం వచ్చినోళ్లకి మళ్లీ పని చేయించడం రాదాండీ?" అంది సూర్యావతి.

ఆదిత్య తల దించుకున్నాడు. "ఇంకా రాలేదండీ. దీన్నిబట్టి నొప్పి తగ్గించే మందులకి మాత్రం ప్రయత్నిస్తున్నారు."

"లోకానికి నొప్పి తగ్గిద్దురుగాని, ముందు నా పిల్లకి నొప్పి తెప్పించండి బాబూ!" అని ఆమె బావురుమంది. అప్పటికే కడుపుతో ఉంది. ఈ బిడ్డకీ అలాగే రావచ్చని అతను చెప్పాక ఆమెకు ముద్ద దిగలేదు.

మగపిల్లాడు పుట్టాడు. పుట్టగానే వేసే సూదులు లోపలి గదిలోనే వేసేశారు. ఏడ్చాడా అని అడిగితే గుర్తు లేదన్నారు. తర్వాతి టీకా రోజున సూర్యావతి పిల్లాణ్ణి ఎత్తుకుని, ఆరేళ్ల తులసిని వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. మిగతా తల్లులు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. సూర్యావతి సూదినే చూస్తూ "ఏడవరా నాన్నా, ఏడు" అని గొణిగింది.

సూది దిగింది. పిల్లాడు కేరుమన్నాడు.

సూర్యావతి వాణ్ణి గుండెకి అదుముకుని ముద్దులతో ముంచెత్తింది, నవ్వింది, నర్సు దీనమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. తులసి ఇదంతా నోరు తెరుచుకుని చూసింది.

"తమ్ముడెందుకు ఏడుస్తున్నాడమ్మా?"

"నొప్పెట్టిందమ్మా."

"అంటే?"

సూర్యావతి పిల్లాణ్ణి భుజాన వేసుకుని, తులసి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది.

ఆ సాయంత్రం అట్లు పోస్తూ, ఉయ్యాల్లో పిల్లాడు కదిలితే లేచి వెళ్లింది. వెనక నుంచి కాలిన వాసన వచ్చింది. తిరిగి చూస్తే తులసి అరచెయ్యి పెనానికి ఆనించి, తమ్ముడిలాగే మూతి వంకర పెట్టి కేర్ కేర్‌మంటోంది. కళ్లల్లో తడి లేదు.

"నేనూ ఏడుస్తున్నానమ్మా" అంది తులసి. "నన్ను కూడా ముద్దెట్టుకో."