సలోమోను జేబులో ఫ్యూజులు

వ్యవసాయ విస్తరణాధికారి సలోమోనుకు నూజివీడు ప్రాంతంలో ఉద్యోగమంతా ఒకే ఒక్క మాట చెప్పడంతోనే సరిపోయింది. వానలు వెనకపట్టాక మామిడికి నీళ్లు ఆపండి! అంతే. చెట్టు కాస్త దాహంతో ఉంటే పూస్తుంది, నీళ్లు పెడితే చిగురేసి ఊరుకుంటుంది. ఇందులో అర్థం కాని బ్రహ్మవిద్య ఏముంది? ఎనభైల మొదట్లో మోపెడ్ మీద రెడ్డిగూడెం తోటల్లో అడుగుపెట్టిన నాటినుంచీ గొంతు చించుకుని ఇదే చెబుతున్నాడు. రైతులు గంగిరెద్దుల్లా తలలూపుతారు. "అట్టాగేనండీ" అంటారు. బండి మలుపు తిరగ్గానే మోటారు వేస్తారు.

అంతకుముందు ఈ బాధ లేదు. నీళ్లు పెట్టే దిక్కే లేదు కాబట్టి తోటలు వాటి మానాన అవి పూసేవి. కరెంటు బోర్లు వచ్చాయి, ఇక చేతులు ఊరుకోవు కదా! ఆఫీసులోనైనా వినేవాళ్లున్నారా అంటే అదీ లేదు. వరి మీద మీటింగు పెడితే సలోమోను లేచి మామిడి గురించి మొదలెట్టేవాడు, పైవాళ్లు "కూర్చోవయ్యా బాబూ" అనేవారు. అతని తర్వాత చేరినవాళ్లు ప్రమోషన్లు తీసుకుని బెజవాడ వెళ్లిపోయారు. "మీ మాట వినే చెట్టు ఒక్కటైనా ఉందా ఈ చుట్టుపక్కల?" అని భార్య లేయా దెప్పేది.

ఇలా ఉండగా వెంకాయమ్మ తోట గొడవ ముంచుకొచ్చింది. భర్త పోయాక ఆ చిన్నరసాల తోట ఆవిడ ఒక్కతే చూసుకుంటోంది. బోరు వేసినప్పటినుంచీ తోట పూత మొహం ఎరగదు, ఆకు మాత్రం నిగనిగలాడుతోంది. తోటలో వాటా ఉన్న మరిది పెద్దిరాజు తెగేసి చెప్పాడు.

"ఈ ఏడు కూడా పూయకపోతే కొట్టించేస్తా వదినా. పత్తి వేసుకుందాం."

చెట్లు కొట్టే కోత మిషనువాళ్లతో మాట్లాడి కూడా వచ్చాడట. సంగతి తెలిసి సలోమోను పరుగెత్తాడు.

"ఈ ఒక్క ఏడాదీ నా మాట విను వెంకాయమ్మా. పిందె పడేదాకా చుక్క నీరు పెట్టకు."

"అట్టాగే బాబూ."

వారం పోయాక వెళ్లి చూస్తే ఏముంది, పాదులన్నీ తడితడిగా ఉన్నాయి. సలోమోనుకు ఒళ్లు మండిపోయింది.

"ఏంటమ్మా ఇది?"

"ఆకులు వాలిపోతన్నాయి బాబూ. పెంచిన చేత్తో ఎండబెట్టమంటావేంటి? పాపం కాదూ?"

"రేపు వాటిని మొదలంటా నరికితే పాపం కాదా?" అని అరిచాడు. గబగబా మోటారు దగ్గరికెళ్లి, మెయిన్ ఆపి, పింగాణీ ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. "ఇవి నా దగ్గరుంటాయి. ఆ పాపమేదో నాకే రాసుకో!"

ఆ తర్వాత తోట వైపు వెళ్లలేదు. ఫ్యూజులు మాత్రం జేబులోనే ఉన్నాయి. ఆదివారం ప్రార్థనలో మోకరిస్తే తొడకి గుచ్చుకునేవి. క్రిస్మస్ వెళ్లిపోయింది, పూత జాడ లేదు. బస్టాండులో పెద్దిరాజు ఎదురుపడి, "ఏంటి సారూ, ముందే ఎండబెట్టి మాకు కోత కూలి తగ్గిస్తన్నారా?" అన్నాడు. సలోమోను జేబులో ఫ్యూజులు తడుముకున్నాడు. పూయకపోతే ఆవిడ చెట్లు పోతాయి, తన మాటా పోతుంది.

జనవరిలో ఒక పొద్దున్న ఆ పెద్దిరాజే సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. "ఒకసారి రండి సార్" అన్నాడు, అంతే.

తోటంతా విరగబూసింది. ఆకు కనిపిస్తే ఒట్టు! వెంకాయమ్మ ఇంటి పక్క చెట్టు ఒక్కటే ఎర్రటి లేత చిగురుతో నిలబడి ఉంది. సలోమోను వంగి దాని మొదట్లో మట్టి తీసి నలిపాడు. చెమ్మగా ఉంది.

"బిందెతో పోశావు కదూ?"

వెంకాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇది ఆయన నాటింది బాబూ. అన్నం ముందు కూకుంటే ఎదురుగా అదే. ముద్ద దిగలా."

పెద్దిరాజు ఆ చెట్టును చూశాడు, తోటను చూశాడు, మళ్లీ చెట్టును చూశాడు. "వదినా, ఇంక ఆ బిందె ముట్టుకోమాక" అని, కోత మిషనువాళ్లను రావద్దని చెప్పడానికి సైకిలెక్కాడు. ఇన్నేళ్ల ఉపన్యాసాలు చేయలేని పని ఆ మొండి చెట్టు చేసింది. చాట్రాయి నుంచి కూడా జనం వచ్చి దాన్ని చూసిపోయారు.

హమ్మయ్య, ఇక నా గొంతుకు సెలవు అనుకున్నాడు సలోమోను. మరుసటి ఏడు వానలు వెనకపట్టాక, చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి అరుగు నిండా రైతులు. అందరి చేతుల్లో ఫ్యూజులు! ముందు వరసలో వెంకాయమ్మ.

సలోమోను తల పట్టుకున్నాడు. "కళ్లారా చూశారు కదమ్మా! మీ మోటార్లు మీరు ఆపుకోలేరా?"

"మా వల్ల కాదు బాబూ. ఎండుతుంటే చూస్తా ఊరుకోలేం. నువ్వంటే రాతిగుండె మనిషివి, నీ దగ్గరుంచు."

నిరుడు ఆ వాలిన ఆకులు చూడలేక ఈ రాతిగుండె మనిషి రోజూ చుట్టుదారిన ఆఫీసుకు వెళ్లేవాడని లేయాకు ఒక్కదానికే తెలుసు. ఆవిడ లోపలికి వెళ్లి, బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి తెచ్చి భర్త చేతికిచ్చింది.