ఇటుక మీద కూర్చున్న సూరమ్మ

మీరుండే వీధి పేరు ఇన్నాళ్లలో ఎన్నిసార్లు మారిందో చెప్పగలరా? మొన్న ఖరగ్‌పూర్‌లో మా పాత రైల్వే క్వార్టర్ల సందులోకి అడుగుపెట్టగానే కర్పూరం, తడి పసుపు కలిసిన వాసన తగిలింది. నా చిన్నప్పటి వాసన వేరు: ఇంజిన్ల బొగ్గుపొగ, బిందెలు తోమిన చింతపండు, గోల్‌బజార్ నుంచి వచ్చే సంచుల్లోని చేపల నీచు.

ఆ సందుకి రైల్వేవారు ఒక నంబరిచ్చారు. బెంగాలీలు కొల్‌తలా అనేవారు, అంటే కుళాయి ఉన్న చోటు. శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చిన మావాళ్లకు మాత్రం అది సూరమ్మ కుళాయి. సూరమ్మ మా పక్క క్వార్టర్లోని ఫిట్టరు భార్య. వేసవిలో నీళ్లు పొద్దున గంటసేపే వచ్చేవి కనుక ఇంటికో ఇటుక చొప్పున వరసలో పెట్టి, పిల్లలం గచ్చకాయలాడుకుంటూ కాపలా కాసేవాళ్లం. క్రైస్తవుల ఇటుక ఎంత ముందున్నా మా పెద్దలు కాలితో చివరికి నెట్టేసేవారు. ఒకరోజు మా నాయనమ్మ, రోజమ్మ అనే ఆమె ఇటుకను అలాగే నెట్టింది. సూరమ్మ దాన్ని తెచ్చి మళ్లీ ముందు పెట్టి, తన ఇటుకను చివరికి మార్చుకుని, దాని మీదే కూర్చుంది.

"ఏటే సూరమ్మా, ఆళ్లు ముట్టిన కుళాయి మనం ముట్టుకోడమేటి?" అంది నాయనమ్మ.

"మావ వర్క్‌షాపులో రోజమ్మ మొగుడు పట్టిన సుత్తే పడతాడు గదేటత్తా! మరి ఆ సేతులిరిసేసి ఇంట్లోకి రానిస్తన్నావేటి?"

వరసంతా నవ్వింది. నాయనమ్మ నవ్వలేదు. ఆ వేసవంతా సూరమ్మను ఎవరూ పేరంటానికి పిలవలేదు. ఆమె మాత్రం రోజూ వచ్చి కూర్చుంది. వానలు పడేసరికి ఇటుకలు నెట్టడం ఆగింది. కుళాయికి మావాళ్లు వెక్కిరింతగా పెట్టిన ఆమె పేరే సందుకి నిలిచిపోయింది.

ఆమె పోయింది, కుళాయి ఎండింది, ఆమె కూర్చున్న ఇటుకకు ఎవరో పసుపు రాశారు. ఇప్పుడక్కడ గుడి ఉంది. ఆటోవాళ్లు మాతా గలీ అంటున్నారు. గుడిలో చెప్పే నీళ్లిచ్చిన సూరమ్మ తల్లి కథలో రోజమ్మ లేదు, మా నాయనమ్మ కాలూ లేదు. కొత్తగా పాలరాతి ఫలకం చెక్కిస్తుంటే, రోజమ్మ కూతురు మేరీ అక్క జరిగింది ఒక్క వాక్యం రాయమని గుడి కమిటీని అడిగింది. "దేవత కథలో పాత గొడవలెందుకు దీదీ?" అని పంపేశారట.

"మాయమ్మకి నీళ్లు దేవత ఇయ్యనేదు, మనిషిచ్చింది" అంది అక్క నాతో.

ఆమె వెంట వెళ్లి, ఇటుక నెట్టింది మా నాయనమ్మేనని కమిటీకి రాసిచ్చి సంతకం పెట్టాను. ఫలకం మీద సూరమ్మ తల్లి పేరు చెక్కారు. కింద ఆ వాక్యం పట్టే జాగా ఇంకా ఖాళీగానే ఉంది.

నోళ్లు మారితే పేర్లు మారతాయి, అందులో తప్పు లేదు. కానీ మనిషిని దేవతను చేస్తే ఆమె ఎవరితో పోరాడిందో చెప్పే బాధ తప్పుతుంది. మనకు కావలసిందీ ఆ సుఖమే. ఈరోజే మీ వీధిలో అందరికన్నా పెద్దవారి దగ్గరకు వెళ్లండి. ఆ వీధి పేరు ఎవరిదో, ఆ మనిషిని ఎవరు అడ్డుకున్నారో అడగండి. అడ్డుకున్నది మీ ఇంటివాళ్లే అయితే, ముందు అది రాయండి.