పళ్ళ కింద సిమ్ము

ఆమె సిమ్ కార్డులన్నీ మొగుడి పళ్ళ కిందే చచ్చాయి. కోపం వస్తే అతను ఫోను నేలకేసి కొట్టడు. కొన్నవాడు తనే గదా. వెనక మూత తీసి, గోటితో సిమ్ము పైకి లేపి, ముందు పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పల్లీ గింజ కొరికినట్టు కొరికి, ముక్కలు రెండూ ఆమె అరచేతిలో ఉమ్మేవాడు. ఆ తర్వాతే కొట్టడం మొదలుపెట్టేవాడు. ఈ వరస ఏనాడూ తప్పలేదు.

అతను ఐసు వ్యాను డ్రైవరు. ఫ్యాక్టరీలో దిమ్మలు ఎక్కించుకుని చేపల బజార్లకు చేరవేస్తాడు. తోటి డ్రైవర్లు అతన్ని ఐసు అనే పిలుస్తారు. గొంతు పెంచడు, బూతులు తిట్టడు. చొక్కా చేతులు మడుచుకుంటాడు, తలుపు గడియ వేస్తాడు, పనిలోకి దిగుతాడు. పక్కింటివాళ్ళకు గోడ అవతల ఎవరో మూట దులుపుతున్నట్టు వినిపించేది. మూట మాత్రం అరిచేది కాదు. అరిస్తే ఇంకాసేపు దులుపుతాడని దానికి తెలుసు.

ఆమె చేపలు కోస్తుంది. తల్లి పక్కన కూర్చుని నేర్చుకున్న పని. ఎంత పెద్ద చేపైనా సరే, పొలుసు గీకి, మొప్పలు లాగి, పొట్ట చీల్చి, తలకాయ మీద కత్తి ఆనించి, కత్తి వీపు మీద కొయ్యసుత్తితో ఒక్కటేస్తే రెండు చెక్కలయ్యేది. రెండో దెబ్బ వేయడం ఎరగదు. అందుకే బజారులో చురకత్తి అని పేరు పడింది. బజారులో చురకత్తిని, ఇంటికెళితే మొద్దుని అని తన మీద తనే జోకు వేసుకునేది. వినేవాళ్ళు నవ్వేవారు, ఆమె వాచిన మొహం చూడకుండా.

ఒకసారి ఆసుపత్రిలో వరస ఎంతకీ కదలక ఇంటికి ఆలస్యంగా వచ్చింది. ఫోను చెయ్యలేదేమని అడిగాడు. సిమ్ము నువ్వే కొరికేశావు గదా అంది. ఎవరినైనా అడిగి చెయ్యొచ్చుగా అన్నాడు. నీ నంబరు నాకు గుర్తుండదంది. ఆ మధ్యాహ్నం గడియ వేసి నంబరు నేర్పాడు. ఒక అంకె చెప్పడం, ఒక చెంపదెబ్బ. ఆమె ఆ అంకె తిరిగి చెప్పాలి. ఎక్కడ తప్పితే అక్కడి నుంచి కాదు, మళ్ళీ మొదటి నుంచి. సాయంత్రానికి ఎడమ చెవిలో హోరు మొదలైంది గాని నంబరు మాత్రం వచ్చేసింది. బడిలో ఎక్కాలు అంటని బుర్రకు ఆ ఒక్క నంబరు అంటుకుంది. నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

ఒంటి మీద దెబ్బలకు ఓర్చుకుంది. ఒకరోజు కుడిచేతి చిటికెన వేలు వ్యాను తలుపు సందులో పెట్టించి తలుపు మూశాడు. ఒళ్ళు ఎలా పోయినా ఫరవాలేదు గాని చెయ్యి పోతే కూడు పోతుంది. మర్నాడు అతను లోడుతో బయల్దేరగానే కత్తీ, కొయ్యసుత్తీ గోనెపట్టాలో చుట్టుకుని బస్సెక్కింది. ఆ ఫ్యాక్టరీ వ్యాన్లు వెళ్ళని ఊరేదో ముందే ఆరా తీసి పెట్టుకుంది. అతను ఆ ఫ్యాక్టరీలో చేరకముందు ఏ ఏ బజార్లకు ఐసు మోశాడో అడగాలని తట్టలేదు.

కొత్త బజారులో అందరూ పిన్ని అని పిలిచే ఒకావిడకు పెద్ద చేపల బల్ల ఉంది. పిన్ని ఆమె చేత ఒక తలకాయ కొట్టించి చూసింది. రెండు చెక్కలూ తిరగేసి చూసి, పనిలో చేరమంది. హోటళ్ళవాళ్ళు ఏం ముక్కలు కావాలో ఫోనులో చెబుతారు కాబట్టి ఫోను తప్పనిసరి అంది. తన పాత ఫోను ఇచ్చి, సిమ్ము నువ్వు వేయించుకో అంది. వంగిన చిటికెన వేలు వంక ఓసారి చూసి మరో మాట కూడా చెప్పింది.

"చూడమ్మాయ్. మొగుడూ పెళ్ళాల రచ్చ నా బల్ల దాకా రాకూడదు. వచ్చిందా, చేపలతో పాటు నిన్ను కూడా ఊడ్చేస్తాను."

సెల్లు కొట్టు బజారు మలుపులోనే ఉంది. మనిషి పట్టీ పట్టనంత ఇరుకు. కొట్టతను సన్నగా, నోటికి మూత లేకుండా ఉన్నాడు. ఆమెను గోడకు ఆనించి ఫొటో తీశాడు. కంటి కింద పచ్చగా మిగిలిన మచ్చ చూసి ఏమైందని అడిగాడు. మెట్ల మీద పడ్డానంది.

"మా వీధిలో కూడా ఉన్నాయక్కా ఆ మెట్లు. తాగొచ్చి మరీ కొడతాయి" అన్నాడు.

పేరు, పుట్టిన సంవత్సరం, ఇల్లు, అన్నీ అడిగి కంప్యూటర్లో కొట్టాడు. తల ఎత్తకుండానే, "ఇంకో నంబరు చెప్పండి. ఇంట్లోవాళ్ళది ఎవరిదైనా" అన్నాడు.

నోరు చెప్పేసింది. ఆమె చెప్పలేదు, నోరే చెప్పింది. ఒక్కో అంకెకూ ఎడమ చెంప చిన్నగా అదిరింది. ఆఖరి అంకె దాటాక గాని తను ఎవరి నంబరు చెప్పిందో తెలిసిరాలేదు. అది తీసెయ్యి బాబూ అంది. అప్పటికే అతను నొక్కేశాడు.

"ఏం కాదక్కా. ఫలానా నంబరు కొత్తగా ఇచ్చాం, మీది రెండో నంబరుగా రాయించారు అని మెసేజి పోతుందంతే. ఏం, మొగుడికి తెలియకుండా సిమ్మా?"

పక్కన ఛార్జరు బేరమాడుతున్న ఇద్దరు ఆమె వైపు తిరిగి నవ్వారు. చెప్పాలంటే పల్లీ గింజ దగ్గర్నుంచి చెప్పుకురావాలి. ఆ ఇద్దరికీ వీపు తిప్పి, సిమ్ము ఇచ్చెయ్యి అంది.

కొట్టతను సిమ్ము ఫోనులో దూర్చి ఇచ్చాడు. కాసేపటికి సిగ్నలు గీతలు వస్తాయన్నాడు. వచ్చే ఫోన్లు వస్తాయి గాని ఇటునుంచి ఎవరికీ పోవు. కంపెనీవాళ్ళు ఫోను చేసి పేరు, సంవత్సరం, రెండో నంబరు అడుగుతారు, సరిగ్గా చెబితే అప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది. మొదట వచ్చే ఫోను వాళ్ళదే, ఏ నంబరు కనబడినా ఎత్తమన్నాడు.

దారి పొడుగునా తనకు తను ధైర్యం చెప్పుకుంది. అతను మెసేజిలు చదివే రకం కాదు. వందలకొద్దీ వచ్చి కుళ్ళుతుంటాయి. ఇదీ వాటిలోనే పడి కుళ్ళుతుందిలే అనుకుంది.

ఫోను బజారు మంచి ఊపు మీదున్నప్పుడు మోగింది. ఎరగని నంబరు. పిన్ని అరిచి, కంపెనీవాళ్ళై ఉంటారు, ఎత్తు అంది. ఆమె పొలుసు అంటిన చేత్తోనే ఎత్తి, అవతల పలకకముందే తన పేరు చెప్పింది. పుట్టిన సంవత్సరం చెప్పింది. అవతల ఎవరో వింటున్నారు. ఐసు దంచే మిషను గరగరలాడుతోంది. వేలం పాడే ముసలాయన పాట తెగినప్పుడల్లా అలవాటు ప్రకారం ఇనప బకెట్టు మీద కర్రతో ధన్‌మని కొడుతున్నాడు.

"రెండో నంబరు?" అంది అవతలి గొంతు, మెల్లగా.

మొదటి నాలుగు అంకెలు చెప్పేశాక గాని ఆ గొంతు ఎవరిదో పట్టుకోలేకపోయింది. నోరు అక్కడ ఆగిపోయింది. ముసలాయన మళ్ళీ బకెట్టు వాయించాడు.

"ఆ బకెట్టు ఇంకా మార్చలేదన్నమాట" అన్నాడు మొగుడు, ఎవరినో అడిగి తీసుకున్న ఫోను పెట్టేస్తూ.

బజార్లన్నీ తిరిగి దిమ్మలు దించినవాడికి ఏ బజారుకు ఏ చప్పుడో తెలియదూ. ఆమె ఫోను కట్టేసి నడుముకు దోపుకుంది. పిన్నికి ఉన్నదంతా చెప్పింది. పిన్ని తన షరతు గుర్తు చేసింది. పోలీసులకు చెబుదామంటే, పోలీసులు తిరిగే బల్ల దగ్గరికి హోటళ్ళవాళ్ళు రారంది. నాలుగు రోజులు ఎటైనా పోయి రమ్మంది. ఎటు పోవాలి. ఇంకో ఊరు, ఇంకో బజారు, ఇంకో సిమ్ము. అక్కడా అదే ప్రశ్న అడుగుతారు, తన బుర్రలో ఉన్నది అదే జవాబు. మర్నాడు ఆమె ఎప్పటిలాగే వచ్చి చేపలు కోసే మొద్దు ముందు కూర్చుంది. పిన్ని మొహం అటు తిప్పుకుంది గాని లెమ్మనలేదు.

అతను వేరే బజారుకు పోవాల్సిన ఐసు లోడుతోనే, దారి మళ్ళి వచ్చాడు. కొట్టడానికి వచ్చినా పని చెడగొట్టుకోడు. వ్యాను ఆపి, దిగి, చొక్కా చేతులు మడుచుకున్నాడు. దిమ్మలు లాగే ఇనప కొక్కెం నడుముకు వేలాడుతోంది. గడియ వేయడానికి బజారుకు తలుపు లేదు. వరసా తప్పింది, సిమ్ము కంటే ముందు కొట్టడమే మొదలైంది. అంతే తేడా.

జుట్టు పట్టుకుని ఆమె మొహాన్ని మొద్దుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ముక్కు చిట్లి నెత్తురు చేపల నెత్తుట్లో కలిసింది. ఏది ఎవరిదో తెలియలేదు. ఎదుటి బల్ల అతను లేవబోతే, వాళ్ళ సంసారం మనకెందుకురా అని ఎవరో కూర్చోబెట్టారు. ముసలాయన బకెట్టు ఆగిపోయింది. మొగుడు ఆమె నడుములోంచి ఫోను లాగాడు. వెనక మూత తీశాడు. గోటితో సిమ్ము పైకి లేపాడు.

"ఎన్ని కొన్నా దారి ఇక్కడికే గదే" అని సిమ్ము పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఆమె ఎదురు చూసింది అందుకే. ఆ ఒక్క క్షణం అతనికి కళ్ళుండవు, చేతులు రెండూ ఖాళీగా ఉండవు. ఇన్నేళ్ళూ ముక్కల కోసం అరచెయ్యి చాపి నిలబడ్డ మనిషికి ఆ సంగతి బాగా తెలుసు. కొయ్యసుత్తి మొద్దు పక్కనే ఉంది. కింది నుంచి దవడ మీదికి ఒక్కటి వేసింది.

చేప తలకాయ పగిలిన చప్పుడే. బజారంతటికీ తెలిసిన చప్పుడు. అతని నోట్లోంచి నెత్తురు, రెండు పళ్ళు, సిమ్ము ఒకేసారి రాలాయి. ఏం జరిగిందో అర్థం కానివాడిలా కాసేపు నిలబడ్డాడు. తర్వాత కొక్కెం తీసి ఒక్క వేటు వేశాడు. అది ఆమె ఎడమ ముంజేతిలో దిగి కండ చీల్చుకుంటూ వచ్చింది. కొక్కెం రెండోసారి లేచి పిన్ని బల్లకు గుచ్చుకుంది. చేపల తట్ట తిరగబడింది. అప్పుడు కదిలింది పిన్ని. పెద్ద తూకపురాయి రెండు చేతులా ఎత్తి అతని మోచేతి మీద వేసింది.

"నా బల్ల దాకా రాకూడదని చెప్పాను. దానికి చెబితే నీకు చెప్పినట్టు కాదా?" అంది, మళ్ళీ ఎత్తుతూ.

ఆ రెండో దెబ్బ తర్వాత అతను పొలుసు బురదలో కూలబడ్డాడు. అప్పుడు గాని మగాళ్ళకు ధైర్యం రాలేదు. తట్టలు కట్టే తాడుతో చేతులు కట్టి, అతని వ్యానులోనే, కరుగుతున్న దిమ్మల మీదే పడుకోబెట్టి ఆసుపత్రికి తోలారు. పోలీసులు వచ్చి అతని మీదా, ఈ ఇద్దరి మీదా కేసు రాసుకున్నారు. సుత్తీ, తూకపురాయీ, కొక్కెమూ ఒకే సంచిలో పట్టుకుపోయారు. పిన్ని రాయి ఎప్పుడిస్తారని అడిగింది గాని కేసు సంగతి అడగలేదు.

సిమ్మును బురదలోంచి వెతికిచ్చింది ముసలాయన. అంచు మీద పళ్ళ నొక్కు పడింది గాని విరగలేదు. ఆసుపత్రి బల్ల మీద, చేతికి కుట్లు వేయించుకుని, ఆమె దాన్ని జాకెట్టుకు తుడిచి ఫోనులో దూర్చింది. గీతలు వచ్చాయి. పిన్ని పక్కనే కూర్చుని, ఈ రోజు పాడైన చేపల గురించి సణుగుతోంది. ఫోను మోగింది.

ఈసారి ఆమె ముందు మాట్లాడలేదు. అవతలివాళ్ళ చేత పలికించింది. ఎవరో ఆడపిల్ల గొంతు. పేరు అడిగింది, సంవత్సరం అడిగింది, తర్వాత రెండో నంబరు అడిగింది. ఆ నంబరు మార్చాలంది ఈమె. మార్చాలంటే ముందు పాతది సరిగ్గా చెప్పాలి మేడం అంది ఆ పిల్ల.

ఆమె కళ్ళు మూసుకుని చెప్పింది. మొదటి అంకె నుంచి చివరి దాకా, ఒక్కటీ తప్పకుండా. కుట్లు వేసిన చెయ్యి కదలలేదు గాని చెంప అంకె అంకెకూ అదిరింది. కొత్త నంబరు చెప్పండి అంది ఆ పిల్ల. ఆమె తల తిప్పి పిన్ని వైపు చూసింది. పిన్ని సణుగుడు ఆపింది.

"అలా చూస్తావేం? నాది చెప్పు."

"నీ నంబరు నాకు రాదు పిన్నీ."

పిన్ని ఒక్కో అంకే చెప్పసాగింది. ఆమె ఒక్కొక్కటే ఫోనులో అప్పజెప్పింది. సగంలో తప్పింది. తప్పానని తెలియగానే నోరు మూసుకుపోయి, తల దానంతట అదే పక్కకు వాలి, ఎడమ చెంప పిన్నికి అందేలా ఆగింది.

పిన్ని ఆ చెంప వంక చూసింది.

"ఆ పిల్లను ఉండమను. ఎక్కడ ఆగావో అక్కడి నుంచి చెబుతాను" అంది.